రిఫైనరీ ఉద్యోగాల సాంకేతిక పరీక్షకు సిద్ధం కావడం ఎలా? డిప్లొమా, బీఎస్సీ అభ్యర్థులకు సమగ్ర మార్గదర్శి

విశాఖలో మల్కాపురం, శ్రీహరిపురం వైపు వెళ్లేవారికి రిఫైనరీ ఫ్లేర్ కొసన మండే మంట కొత్తేమీ కాదు. ఆ మంట ఎందుకని అడిగితే చాలామంది ‘పనికిరాని గ్యాస్‌ను కాల్చేస్తున్నారు’ అంటారు. అది సగం సమాధానమే. ప్లాంటులో ఎక్కడైనా పీడనం హద్దు దాటితే సేఫ్టీ వాల్వులు తెరుచుకుంటాయి. వాటి నుంచి వెలువడే హైడ్రోకార్బన్ ఆవిరిని ఊరికే గాలిలోకి వదిలితే ఎక్కడో ఒకచోట నిప్పు అంటుకుంటుంది కాబట్టి, దానిని ఒక హెడర్ గుండా నాకౌట్ డ్రమ్ముకు పంపి, ద్రవాన్ని వేరుచేసి, వాటర్ సీల్ దాటించి, ఎత్తైన స్టాక్ కొసన ఎప్పుడూ ఆరకుండా ఉండే పైలట్ మంటతో కాల్చేస్తారు. నాకౌట్ డ్రమ్ లేకపోతే ఏమవుతుంది? వాటర్ సీల్ దేనికి? ఫ్లేర్ కొసకు స్టీమ్ ఎందుకు పంపుతారు? ఆ ఒక్క మంట నుంచే మూడు బిట్లు పుట్టాయి. మంట వెనక్కి పాకకుండా ఆపేది వాటర్ సీల్, నల్లటి పొగ రాకుండా చూసేది స్టీమ్, మండే ద్రవపు చుక్కలు నేలపై రాలకుండా కాపాడేది నాకౌట్ డ్రమ్.

చమురు కంపెనీల సాంకేతిక పరీక్ష స్వభావం అదే. నిర్వచనాలు బట్టీపట్టినవారికి కొన్ని మార్కులు వస్తాయి. ప్లాంటులో ఏ పరికరం ఎందుకుందో తెలిసినవారికి కటాఫ్ దాటే మార్కులు వస్తాయి. ఈ మార్గదర్శి ప్రధానంగా కెమికల్ డిప్లొమా లేదా ఎంపీసీ బీఎస్సీ చేసి, రిఫైనరీలో ప్రొడక్షన్ విభాగపు ఉద్యోగానికి సిద్ధమవుతున్నవారి కోసం రాసినది. మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ అభ్యర్థులు తమ సబ్జెక్టు భాగాన్ని మార్చుకుని మిగతాదంతా ఇలాగే అనుసరించవచ్చు.

మొదటి అడుగు: ఏ పరీక్ష రాస్తున్నారో తేల్చుకోవాలి

‘ఆయిల్ కంపెనీ పరీక్ష’ అని ఒక పరీక్ష లేదు. ఇండియన్ ఆయిల్ రిఫైనరీల్లోని నాన్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకు జరిగే పరీక్ష సాధారణంగా వంద ప్రశ్నలతో, రెండు గంటల వ్యవధితో ఉంటుంది. అందులో 75 మార్కులు సబ్జెక్టుకు, 15 అంకగణిత సామర్థ్యానికి, 10 జనరల్ అవేర్‌నెస్‌కు కేటాయిస్తారు, తప్పు సమాధానానికి మార్కు కోత ఉండదు. హిందుస్థాన్ పెట్రోలియం పరీక్షలో సాంకేతిక భాగంతో పాటు ఇంగ్లిష్, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, లాజికల్ రీజనింగ్ కలిసిన మరో భాగం ఉంటుంది. బీటెక్ వారికి గేట్ మరో దారి. అందులో 65 ప్రశ్నలు, మూడు గంటలు, బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఒక మార్కు ప్రశ్న తప్పయితే మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్న తప్పయితే మూడింట రెండు వంతులు కోత. పరీక్ష పద్ధతులను కంపెనీలు మారుస్తూ ఉంటాయి కాబట్టి చేతిలో ఉన్న నోటిఫికేషనే ప్రమాణం. పాత వీడియోలో ఎవరో చెప్పిన మాట ప్రమాణం కాదు.

నోటిఫికేషన్ చదివేటప్పుడు మూడు చోట్ల పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. ఒకటి, అర్హత. డిప్లొమా పోస్టులకు బీటెక్ వంటి పై చదువు ఉన్నవారు అర్హులు కారని స్పష్టంగా రాసే నోటిఫికేషన్లున్నాయి. డిగ్రీ ఉన్న సంగతి దాచి చేరినా తరవాత బయటపడితే ఉద్యోగం పోతుంది. రెండు, రిజర్వేషన్ ధ్రువపత్రం. మన రాష్ట్రాల్లో బీసీ-ఏ, బీసీ-డీ అని ఇచ్చే పత్రం కేంద్ర ప్రభుత్వ సంస్థలకు సరిపోదు. కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉన్నదో లేదో చూసుకుని, నాన్ క్రీమీలేయర్ పత్రాన్ని కేంద్రం సూచించిన నమూనాలో తీసుకోవాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. రాతపరీక్ష నెగ్గి, పత్రాల పరిశీలన నాడు తహశీల్దార్ కార్యాలయం చుట్టూ పరుగెత్తినవారిని నేను చూశాను. మూడు, వైద్య ప్రమాణాలు. రిఫైనరీ ఉద్యోగాల్లో రంగులను గుర్తించే చూపు ముఖ్యం. ఆరు నెలలు చదివాక వర్ణాంధత్వం ఉందని తెలుసుకోవడం కంటే, ఇప్పుడే ఏ కంటి వైద్యుడి దగ్గరైనా ఇషిహారా పరీక్ష చేయించుకోవడం మేలు. అయిదు నిమిషాల పని.

రెండో అడుగు: ఒక తెల్లకాగితం మీద రిఫైనరీని గీయాలి

పుస్తకం తెరవకముందు చేయవలసిన పని ఇది. కాగితం ఎడమ అంచున ముడిచమురు ట్యాంకు గీయండి. అక్కడి నుంచి ముడిచమురు వరసగా హీట్ ఎక్స్ఛేంజర్లలో వేడెక్కుతూ డీసాల్టర్‌లోకి వెళ్తుంది. అందులో నీరు కలిపి, విద్యుత్ క్షేత్రంతో నీటి బిందువులను కలిపేసి, ఉప్పును కడిగేస్తారు. ఉప్పు మిగిలితే అది వేడికి విడిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లమై, కాలమ్ పైభాగాన్ని తినేస్తుంది. ఆ తరవాత ఫర్నేస్, దాని నుంచి సుమారు 350–370 డిగ్రీల సెల్సియస్ వద్ద అట్మాస్ఫియరిక్ కాలమ్. పై నుంచి నాఫ్తా, పక్కల నుంచి కిరోసిన్, డీజిల్, అడుగు నుంచి అవశేషం. ఆ అవశేషాన్ని ఇంకా వేడి చేస్తే మరిగే బదులు పగిలి కోక్ కట్టడం మొదలుపెడుతుంది, అందుకే పీడనం తగ్గించి వ్యాక్యూమ్ కాలమ్‌లో మరిగిస్తారు. ‘వ్యాక్యూమ్ కాలమ్ ఎందుకు?’ అన్న బిట్‌కు సమాధానం బట్టీ లేకుండానే దొరికింది.

ఇక కుడివైపు మిగతా యూనిట్లను చేర్చాలి. వ్యాక్యూమ్ గ్యాస్ ఆయిల్‌ను జియోలైట్ ఉత్ప్రేరకంతో పగలగొట్టే ఎఫ్‌సీసీ (ఫ్లూయిడ్ క్యాటలిటిక్ క్రాకింగ్) యూనిట్, నాఫ్తా ఆక్టేన్ సంఖ్యను ప్లాటినం ఉత్ప్రేరకంతో పెంచే రిఫార్మర్, కోబాల్ట్-మాలిబ్డినం ఉత్ప్రేరకం మీద హైడ్రోజన్‌తో గంధకాన్ని తొలగించే హైడ్రోట్రీటర్, అలా వచ్చిన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తిరిగి గంధకంగా మార్చే క్లాస్ యూనిట్, దుర్వాసన వేసే గంధక సమ్మేళనాలైన మెర్కాప్టన్లను డైసల్ఫైడ్లుగా మార్చే మెరాక్స్ యూనిట్. ఒక్కొక్క గీత పక్కన ‘ఇది లేకపోతే ఏమవుతుంది?’ అని ఒక వాక్యం రాయాలి. హైడ్రోట్రీటర్ పక్కన రాసే వాక్యంలోకి 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్-6 వస్తుంది. పెట్రోల్, డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో పదికి) మించరాదు. బీఎస్-4లో అది 50 పీపీఎం ఉండేది. ఇలా జనరల్ అవేర్‌నెస్ మార్కు కూడా ఈ కాగితం మీదే దొరుకుతుంది.

ఈ బొమ్మను వారానికొకసారి చూడకుండా గీయండి. నాలుగో వారానికి ఇరవై నిమిషాల్లో పూర్తవుతుంది.

మూడో అడుగు: 75 మార్కుల సబ్జెక్టును ప్లాంటు క్రమంలో చదవాలి

కాలేజీలో సబ్జెక్టులు విడివిడిగా ఉంటాయి. పరీక్ష వాటిని కలగలిపి అడుగుతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, మాస్ ట్రాన్స్‌ఫర్, ఇన్‌స్ట్రుమెంటేషన్, థర్మోడైనమిక్స్, భద్రత అన్నవి ప్రధాన భాగాలు. నా అనుభవంలో డిప్లొమా విద్యార్థులు మాస్ ట్రాన్స్‌ఫర్ మీద ఎక్కువ సమయం పెట్టి ఇన్‌స్ట్రుమెంటేషన్‌ను ‘అది మా బ్రాంచి కాదు’ అని వదిలేస్తారు. ప్యానెల్ ముందు కూర్చునే ఉద్యోగానికి పరీక్ష పెడుతూ కంట్రోల్ వాల్వు గురించి అడగకుండా ఉంటారా?

కంట్రోల్ వాల్వు దగ్గరే కాసేపు ఆగుదాం. ప్రశ్న ఇలా వస్తుంది: ఫర్నేస్‌కు వెళ్లే ఫ్యూయల్ గ్యాస్ లైనులోని వాల్వు, ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ ఆగిపోయినప్పుడు తెరుచుకోవాలా, మూసుకోవాలా? గాలి ఆగిందంటే ప్లాంటు మీద అదుపు తప్పింది. అటువంటప్పుడు మంట పెరగడం ప్రమాదం. కాబట్టి మూసుకోవాలి, అంటే అది గాలి వస్తేనే తెరుచుకునే వాల్వు కావాలి. అదే రియాక్టర్‌కు వెళ్లే కూలింగ్ వాటర్ వాల్వు అయితే? చల్లదనం ఆగకూడదు కాబట్టి తెరుచుకోవాలి. ఫర్నేస్ గొట్టాల్లోకి వెళ్లే ఫీడ్ వాల్వు అయితే? ప్రవాహం ఆగితే గొట్టాలు మాడిపోతాయి కాబట్టి అదీ తెరుచుకునే ఉండాలి. ‘గాలి ఆగితే ఏ స్థితి క్షేమం?’ అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే ఈ కోవలోని బిట్లన్నీ విప్పవచ్చు.

ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో గుర్తుంచుకోవలసినవి కొన్ని మాత్రమే. ప్రమాణ విద్యుత్ సంకేతం 4–20 మిల్లీ ఆంపియర్లు, గాలి సంకేతం 3–15 పీఎస్‌ఐ. సున్నా నుంచి కాక 4 నుంచి మొదలుపెట్టడానికి ఒక కారణం, తీగ తెగిపోవడాన్ని సున్నా రీడింగు నుంచి వేరుగా గుర్తించడం. పీటీ-100 అంటే సున్నా డిగ్రీల వద్ద వంద ఓముల నిరోధం గల ప్లాటినం తీగ. కె-టైప్ థర్మోకపుల్ క్రోమెల్, అల్యూమెల్ జంట. ప్రొపోర్షనల్ కంట్రోలర్ మిగిల్చే ఆఫ్‌సెట్‌ను, అంటే కావలసిన విలువకూ అసలు విలువకూ మధ్య తేడాను, తొలగించేది ఇంటిగ్రల్ చర్య.

పంపుల విషయంలో రెండు రకాల మధ్య తేడా స్పష్టంగా ఉండాలి. సెంట్రిఫ్యూగల్ పంపును డిశ్చార్జి వాల్వు మూసి స్టార్ట్ చేస్తారు, ఎందుకంటే ప్రవాహం లేనప్పుడు దానికి కావలసిన శక్తి తక్కువ, మోటారు మీద భారం పడదు. పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ పంపును అలా స్టార్ట్ చేస్తే పీడనం పెరుగుతూనే పోయి గొట్టమో కేసింగో పగులుతుంది, లేదా రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. క్యావిటేషన్, నెట్ పాజిటివ్ సక్షన్ హెడ్, ప్రైమింగ్ అన్న మూడు మాటలను కలిపి చదవాలి. మూడూ సక్షన్ వైపు సంగతులే.

నాలుగో అడుగు: లెక్కలను ఉచ్చులతో సహా నేర్చుకోవాలి

సూత్రం తెలిసి కూడా తప్పు ఆప్షన్ పెట్టడం చాలామందికి జరిగేదే. ప్రశ్న తయారుచేసేవారు మనం ఎక్కడ పొరబడతామో ముందే ఊహించి, ఆ జవాబును కూడా ఆప్షన్లలో ఉంచుతారు. ఒక ఉదాహరణ చూద్దాం.

ఒక ఎక్స్ఛేంజర్‌లో గ్యాస్ ఆయిల్ 250 డిగ్రీల నుంచి 150కి చల్లబడుతోంది, ముడిచమురు 50 నుంచి 110కి వేడెక్కుతోంది, ప్రవాహాలు ఎదురెదురు. లాగ్ మీన్ ఉష్ణోగ్రతా భేదం ఎంత? ఎదురు ప్రవాహంలో ఒక కొసన వేడి ద్రవం లోపలికి వస్తుంటే చల్లని ద్రవం బయటకు వెళ్తుంది కాబట్టి ఒక భేదం 250 − 110 = 140, రెండోది 150 − 50 = 100. వాటి తేడా 40ని, వాటి నిష్పత్తి 1.4 యొక్క సహజ లాగరిథమ్ 0.3365తో భాగిస్తే సుమారు 118.9 డిగ్రీలు. ఇప్పుడు ఆప్షన్లు ఎలా ఉంటాయో ఊహించండి. 120 ఉంటుంది, అది రెండు భేదాల మామూలు సగటు. 99.4 ఉంటుంది, అది ఒకే దిశ ప్రవాహానికి వచ్చే జవాబు. అక్కడ భేదాలు 200, 40. తొందరలో ప్రశ్నలోని ‘ఎదురెదురు’ అన్న మాట చదవనివారు 99.4 దగ్గర ఆగిపోతారు. పైగా అదే ఉష్ణోగ్రతలకు ఎదురు ప్రవాహపు జవాబు ఎప్పుడూ పెద్దదన్న సంగతి ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

మరొకటి. ఆరిఫీస్ ప్లేటు (ప్రవాహాన్ని కొలవడానికి గొట్టంలో బిగించే రంధ్రపు పలక) మీద ప్రవాహం గంటకు 0–100 ఘనపు మీటర్లు, ట్రాన్స్‌మిటర్ వర్గమూలం తీయకుండా భేద పీడనాన్నే 4–20 మిల్లీ ఆంపియర్లుగా పంపుతోంది. 12 మిల్లీ ఆంపియర్ల వద్ద ప్రవాహం ఎంత? చేయి తిన్నగా 50 మీదికి వెళ్తుంది. కాని 50 శాతం అన్నది భేద పీడనం. ప్రవాహం దాని వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి జవాబు 70.7.

ఇలాగే చేతికి అలవాటు కావలసినవి మరికొన్ని ఉన్నాయి. పంపు వేగం పది శాతం పెంచితే ప్రవాహం 1.1 రెట్లు, హెడ్ 1.21 రెట్లు, శక్తి 1.331 రెట్లు అవుతాయి. ఏపీఐ గ్రావిటీ కోసం 141.5ను విశిష్ట సాంద్రతతో భాగించి 131.5 తీసివేయాలి. 0.85 సాంద్రత గల చమురుకు అది దాదాపు 35, నీటికి సరిగ్గా 10. వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్లయినప్పుడు వ్యాక్యూమ్ గేజి 700 చూపితే అసలు పీడనం 60 మిల్లీమీటర్ల పాదరసం. ఒక బ్యారెల్ సుమారు 159 లీటర్లు. కాలిక్యులేటర్ లేకుండా చేయడం ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటే 2, 3, 5, 10ల లాగరిథమ్ విలువలు, 2 నుంచి 10 వరకు వర్గమూలాలు అవే నోటికి వస్తాయి.

డ్రిల్లింగ్ వైపు వెళ్లదలచినవారు పీడనం లెక్కను వదలకూడదు. మడ్ (తవ్వేటప్పుడు బావిలో నింపే బురద ద్రవం) బరువు గ్యాలనుకు 10 పౌండ్లు, లోతు 10,000 అడుగులు అయితే 0.052తో గుణించి 5,200 పీఎస్‌ఐ. భూమి లోపలి పొర పీడనం అంతకంటే ఎక్కువైతే బావిలోకి గ్యాస్ చొరబడుతుంది, దాన్ని కిక్ అంటారు. కిక్‌ను అదుపు చేయలేకపోతే బ్లోఅవుట్ అవుతుంది. కోనసీమలో 1995 జనవరిలో పాశర్లపూడి బావి అలాగే పేలి రెండు నెలలకు పైగా మండింది. ఆ ప్రాంతపు పెద్దవాళ్లు రాత్రిళ్లు కూడా పగలులా ఉండేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అయిదో అడుగు: భద్రతను చివరి వారానికి వాయిదా వేయరాదు

సిలబస్‌లో చివరన రాసి ఉంటుంది గనుక అందరూ చివరనే చదువుతారు. నిజానికి తక్కువ శ్రమతో ఎక్కువ మార్కులిచ్చే భాగం ఇదే. ఎల్పీజీ గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీద పరుచుకుని పల్లానికి ప్రవహిస్తుంది. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో అలా పరుచుకున్న ఎల్పీజీ మేఘం అంటుకుని 60 మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. వాసన లేని ఎల్పీజీకి ఇథైల్ మెర్కాప్టన్ కలపడం, లోయర్ ఎక్స్‌ప్లోజివ్ లిమిట్ అంటే ఏమిటి, గ్యాస్ డిటెక్టరును నేలకు దగ్గరగా ఎందుకు బిగిస్తారు అన్నవి ఈ ఒక్క ఘటనకు ముడిపెట్టి చదివితే మరచిపోరు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్ల వాసన వేస్తుందని అందరికీ తెలుసు, కాని సుమారు వంద పీపీఎం వద్ద అది ముక్కును మొద్దుబార్చేస్తుందని, వాసన తగ్గితే ప్రమాదం తగ్గినట్లు కాదని తెలిసినవారు తక్కువ. పరీక్షలో అడిగేది ఆ రెండో సంగతినే.

ఫ్లాష్ పాయింట్ ఆధారంగా పెట్రోలియం తరగతులు కూడా తప్పక చూసుకోవాలి. 23 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువైతే ఏ, 23 నుంచి 65 లోపు బీ, 65 నుంచి 93 లోపు సీ. వర్క్ పర్మిట్ పద్ధతికి ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్ ప్రమాణం 105 ఆధారం. హాట్ వర్క్, కోల్డ్ వర్క్, పరిమిత స్థలంలోకి ప్రవేశం అనే పర్మిట్ల తేడా తెలిసి ఉండాలి.

ఆరో అడుగు: మిగిలిన 25 మార్కులు

అంకగణితంలో శాతాలు, నిష్పత్తులు, కాలం-పని, సగటులు చాలు. రోజుకు అరగంట కంటే ఎక్కువ పెట్టవద్దు. తొట్టి నింపే గొట్టాల లెక్క మాత్రం చమురు కంపెనీ పరీక్షలో ఏదో తమాషాలా కనిపించినా వదలవద్దు.

జనరల్ అవేర్‌నెస్‌లో చమురు రంగం నుంచి మొదలుపెట్టడం లాభం. దిగ్బాయి రిఫైనరీ 1901 నాటిది. బాంబే హైలో చమురు 1974లో బయటపడింది. విశాఖ రిఫైనరీ 1957లో కాల్టెక్స్ చేతుల మీదుగా మొదలైంది. హిందుస్థాన్ పెట్రోలియం 2018లో ఓఎన్జీసీ అనుబంధ సంస్థ అయింది. వ్యూహాత్మక చమురు నిల్వలు విశాఖ, మంగళూరు, పాదూరులలో భూగర్భ గుహల్లో ఉన్నాయి, మొత్తం సామర్థ్యం 53.3 లక్షల టన్నులు, అందులో విశాఖది 13.3 లక్షలు. ఒపెక్ 1960లో బాగ్దాద్‌లో పుట్టింది, కార్యాలయం వియన్నాలో ఉంది.

భాష గురించి ఒక మాట. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ప్రశ్న అర్థంకాక కాదు, ఇంగ్లిష్ వాక్యాన్ని నెమ్మదిగా చదవడం వల్ల మార్కులు పోగొట్టుకుంటారు. భావాన్ని తెలుగులోనే ఆలోచించండి, స్నేహితుడికి తెలుగులోనే వివరించండి, కాని ప్రశ్నల అభ్యాసం మాత్రం ఇంగ్లిష్‌లోనే చేయండి. ‘తప్ప’, ‘కానిది ఏది’ అనే అర్థమిచ్చే మాట ప్రశ్నలో కనిపించగానే దాన్ని రఫ్ షీటు మీద రాసుకోవడం చిన్న అలవాటే అయినా రెండు మూడు మార్కులు కాపాడుతుంది.

ఏడో అడుగు: మాక్ టెస్టులు, పరీక్ష గది

పన్నెండు వారాల సమయం ఉంటే మొదటి ఏడు వారాలు చదవడానికి, మిగిలిన అయిదు వారాలు మాక్ టెస్టులకు కేటాయించడం నాకు సబబుగా తోస్తుంది. మాక్ రాయడం కంటే దాన్ని విప్పి చూడటమే ముఖ్యం. తప్పయిన ప్రతి బిట్‌ను ఒక నోటుబుక్కులో రాసి, పక్కన కారణం కూడా రాయాలి: తెలియదు, తెలిసీ తొందరపడ్డాను, కొలతల యూనిట్లు మార్చలేదు. నా మొదటి ప్రయత్నంలో బిట్లబ్యాంకు మూడుసార్లు తిరగేసి వెళ్లి, కటాఫ్‌కు చాలా దూరంలో ఆగిపోయాను. తరవాత పెట్టిన ఆ నోటుబుక్కులో సగానికి పైగా తప్పులు యూనిట్ల దగ్గరే ఉన్నాయి. మూడు నెలలు చదివినదంతా వదిలేసి, యూనిట్ల మీద పది రోజులు కూర్చుంటే సరిపోయేదని అప్పుడు తెలిసింది.

పరీక్షలో నూట ఇరవై నిమిషాలను మూడు విడతలుగా వాడుకోవాలి. మొదటి యాభై నిమిషాల్లో చదవగానే తెలిసిన ప్రశ్నలు మాత్రమే. తరవాతి యాభైలో లెక్కలు. చివరి ఇరవైలో మార్కు చేసి వదిలినవి. కోత లేని పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలరాదు. గేట్ వంటి కోత ఉన్న పరీక్షలో రెండు ఆప్షన్లను కొట్టివేయగలిగితేనే ఊహించాలి.

ఎనిమిదో అడుగు: నైపుణ్య పరీక్ష

నాన్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకు రాతపరీక్ష తరవాత జరిగే నైపుణ్య, శారీరక పరీక్షలో నెగ్గితే చాలని, అందులోని మార్కులు తుది జాబితాకు కలపరని సాధారణంగా చెబుతారు. దాన్ని నమ్మి ఖాళీ చేతులతో వెళ్లేవారు ఉంటారు. అక్కడ వాల్వు చూపించి ఇది గేట్ వాల్వా, గ్లోబ్ వాల్వా అని అడగవచ్చు, స్పానర్ పరిమాణం అడగవచ్చు, పంపు స్టార్ట్ చేసే క్రమం చెప్పమనవచ్చు.

చివరిదాన్ని ఒకసారి వరసగా చెప్పుకుందాం. బేరింగ్ హౌసింగ్‌లో ఆయిల్ మట్టం చూడాలి. సీల్ కూలింగ్ నీరు వెళ్తోందో లేదో చూడాలి. సక్షన్ వాల్వు పూర్తిగా తెరవాలి. కేసింగ్ వెంట్ కొద్దిగా తెరిచి గాలిబుడగలు పోయి ద్రవం ధారగా వచ్చేదాకా ఉంచి మూయాలి. వేడి చమురో, విషవాయువున్న ద్రవమో అయితే వెంట్‌ను బయటికి కాక క్లోజ్డ్ డ్రెయిన్‌కే పంపాలి. మోటారుకు కరెంటు ఇవ్వకముందే షాఫ్టును చేత్తో తిప్పి, ఎక్కడా పట్టేయడం లేదని చూసి, కప్లింగ్ గార్డు తిరిగి బిగించాలి. డిశ్చార్జి వాల్వు మూసి ఉందని చూసుకుని మోటారు ఆన్ చేయాలి. డిశ్చార్జి పీడనం పెరిగి నిలబడగానే, అమ్మీటరు వైపు చూస్తూ, డిశ్చార్జి వాల్వును నెమ్మదిగా తెరవాలి. మూసి ఉంచి నిమిషాల తరబడి తిప్పితే కేసింగ్‌లోని ద్రవం వేడెక్కి ఆవిరవుతుంది.

ఇంతవరకు తడబడకుండా చెప్పిన అభ్యర్థిని ఎదురుగా కూర్చున్న ఇంజనీరు సాధారణంగా ఇంకొక్కటి అడుగుతారు: ‘మోటారు తిరుగుతోంది, పీడనం మాత్రం లేవడం లేదు. ముందు ఏం చూస్తావు?’ సక్షన్ వాల్వు తెరిచి ఉందా, కేసింగ్‌లో గాలి చిక్కుకుందా, స్ట్రెయినరు మూసుకుపోయిందా, మోటారు తిరగవలసిన దిశలోనే తిరుగుతోందా అని ఆ క్రమంలోనే చెప్పాలి.